ఒకే తేదీన ఇంతమంది శాస్త్రవేత్తలు: పుట్టినరోజుల కలయిక వెనుక లెక్క ఏమిటి?

క్లుప్తంగా: పేరున్న శాస్త్రవేత్తల పుట్టినరోజులు కలవడం అరుదైన సంగతి కాదు. జాబితా కాస్త పెద్దదైతే అవి కలవకపోవడమే వింత. మరోవైపు, కలిశాయని చెప్పుకునే తేదీల్లో కొన్ని క్యాలెండర్ల తేడా వల్ల వచ్చినవి, కొన్ని రికార్డుల్లోనే రెండు రకాలుగా ఉన్నవి. అందువల్ల ఇలాంటి జాబితా ఆ మనుషుల గురించి చెప్పేది తక్కువ, జాబితా ఎలా తయారైందో చెప్పేదే ఎక్కువ.

ఏటా నవంబర్ 7 రాగానే సోషల్ మీడియాలో మూడు ఫొటోలు పక్కపక్కన కనిపిస్తుంటాయి: మేరీ క్యూరీ, లీజ్ మైట్నర్, సి.వి. రామన్. క్యూరీ 1867లో వార్సాలో, మైట్నర్ 1878లో వియన్నాలో, రామన్ 1888లో తిరుచిరాపల్లిలో అదే తేదీన పుట్టారు. ఒకరు రేడియోధార్మికత మీద, ఒకరు కేంద్రక విచ్ఛిత్తి మీద, ఒకరు కాంతి పరిక్షేపణం మీద పనిచేశారు. ముగ్గురిదీ భౌతికశాస్త్రంతో ముడిపడిన జీవితమే కావడంతో ఆ తేదీలో ఏదో ఉందనిపించడం సహజం.

వరుస అక్కడితో ఆగదు. జంతువుల ప్రవర్తనపై పరిశోధించి 1973లో నోబెల్ అందుకున్న కోన్రాడ్ లోరెంజ్ పుట్టింది 1903 నవంబర్ 7న. జ్ఞాపకం నాడీకణాల్లో ఎలా నిలుస్తుందో పరిశోధించి 2000లో నోబెల్ పొందిన ఎరిక్ కాండెల్ 1929లో అదే తేదీన పుట్టారు. ఈ ఇద్దరి జన్మస్థలం కూడా మైట్నర్ లాగే వియన్నా! సాహిత్యాన్నీ కలుపుకుంటే 1913 నవంబర్ 7న పుట్టిన ఆల్బర్ట్ కామూ కూడా ఉన్నారు. ఇంత దూరం వచ్చాక ఇది ఊరికే జరిగిందంటే నమ్మడం కష్టమే. కానీ లెక్క వేస్తే ఊరికే జరిగిందనే తేలుతుంది.

23 మంది చాలు

సంభావ్యత పాఠాల్లో పుట్టినరోజుల సమస్య అని ఒకటుంది. ఒక గదిలో ఎంతమంది ఉంటే వారిలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుంది? ఏడాదికి 365 రోజులు కాబట్టి చాలామంది 183 అంటారు. సరైన జవాబు 23.

మొదటి వ్యక్తి ఏ రోజు పుట్టినా పరవాలేదు. రెండో వ్యక్తి తేదీ వేరుగా ఉండాలంటే 365లో 364 రోజులు మిగులుతాయి. మూడో వ్యక్తికి 363, నాలుగో వ్యక్తికి 362. ఇలా 23వ వ్యక్తి దాకా వచ్చే భిన్నాలన్నీ గుణిస్తే 0.493 వస్తుంది. అంటే ఏ ఇద్దరి తేదీ కలవకుండా ఉండే అవకాశం 49.3 శాతం, ఎక్కడో ఒకచోట కలిసే అవకాశం 50.7 శాతం. గదిలో 50 మంది ఉంటే అది 97 శాతానికి చేరుతుంది. 23 మంది తక్కువగా అనిపిస్తారు గానీ వాళ్లను ఇద్దరేసి చొప్పున విడదీస్తే 253 జంటలవుతాయి. తేదీ కలవడానికి అన్ని అవకాశాలున్నాయన్నమాట.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగాపులగం అవుతుంటాయి. ఎవరో ఇద్దరి తేదీ కలవడం ఒక ప్రశ్న, ముందే ఎంచుకున్న ఒక తేదీతో కలవడం మరో ప్రశ్న. రామన్ పుట్టినరోజునే పుట్టిన మరొకరు దొరికే అవకాశం సగానికి చేరాలంటే 23 మంది సరిపోరు, 253 మంది కావాలి. ఏదో ఒక తేదీన ముగ్గురు కలిసే అవకాశం సగం దాటాలంటే 88 మంది కావాలి. గదిలో మనుషులను చూస్తే ఈ సంఖ్యలు పెద్దవే. విజ్ఞానశాస్త్ర చరిత్రలో పేర్లు చూస్తే చాలా చిన్నవి. 5,000 పేర్లున్న ఒక విజ్ఞాన సర్వస్వాన్ని ఊహించుకుంటే, ఏడాదిలో ప్రతి తేదీకీ సగటున 13 లేదా 14 మంది వస్తారు. అంతమందిలోంచి ఒకే రంగానికి చెందిన ముగ్గురిని ఏరడం పెద్ద కష్టం కాదు.

పుట్టుకలు ఏడాది పొడవునా సమానంగా ఉండవన్నది నిజమే. కొన్ని నెలల్లో ఎక్కువ, కొన్నింటిలో తక్కువ. అయితే ఆ హెచ్చుతగ్గులు తేదీలు కలిసే అవకాశాన్ని కాస్త పెంచుతాయే తప్ప తగ్గించవు. ఫిబ్రవరి 29 మాత్రం వేరే కథ. పంచ్‌కార్డుల లెక్కింపు యంత్రాన్ని రూపొందించిన హెర్మన్ హోలరిత్ 1860లో ఆ రోజున పుట్టారు. ఆయనకు తోడు దొరకడం మిగతా వారికంటే నాలుగు రెట్లు కష్టం.

నోబెల్ జాబితాతో సరిచూస్తే

భౌతిక, రసాయన, వైద్య శాస్త్రాల్లో ఇప్పటిదాకా నోబెల్ పొందినవారు దాదాపు 650 మంది. వీరి పుట్టినరోజులను 365 గడుల్లో గుడ్డిగా వేశామనుకుందాం. ఒక్కో గడికి సగటున ఇద్దరికి కాస్త తక్కువ పడతారు. కానీ అన్ని గడులూ సమానంగా నిండవు. లెక్క ప్రకారం సుమారు 60 తేదీలు ఒక్క పేరూ లేకుండా ఖాళీగా మిగులుతాయి. దాదాపు డజను తేదీల్లో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది పోగవుతారు. ఆరుగురు, ఆపైన ఉండే తేదీలు కూడా మూడు నాలుగు ఉండాలి. యాదృచ్ఛికత అంటే సమానంగా పరుచుకోవడం అనుకుంటాం. నిజానికి అది గుంపులు గుంపులుగానే ఉంటుంది.

అలాంటి గుంపు ఒకటి ఫిబ్రవరి 28న కనిపిస్తుంది. కార్టిసోన్ చికిత్సకు 1950లో నోబెల్ పొందిన ఫిలిప్ హెంచ్ పుట్టింది 1896 ఫిబ్రవరి 28న. రసాయనశాస్త్రంలోనూ శాంతికీ రెండు నోబెల్‌లు అందుకున్న లైనస్ పాలింగ్ 1901లో అదే తేదీన పుట్టారు. అవయవ మార్పిడికి దారి చూపిన పీటర్ మెడావర్ 1915లో, అతివాహకత సిద్ధాంతంలో తన పేరిట ఎలక్ట్రాన్ జంటలున్న లియాన్ కూపర్ 1930లో, భౌతికశాస్త్రవేత్త డేనియల్ సుయి 1939లో, లేజర్లతో పరమాణువులను చల్లబరిచిన స్టీవెన్ చూ 1948లో పుట్టారు. అందరిదీ అదే తేదీ, మొత్తం ఆరుగురు. ఆరుగురున్న తేదీలు మూడు నాలుగు ఉండాలని లెక్క ముందే చెప్పింది కాబట్టి ఇందులో వివరించాల్సిన మర్మమేమీ లేదు.

మజా ఏమిటంటే, ఫిబ్రవరి 28 భారతదేశంలో జాతీయ విజ్ఞాన దినోత్సవం కూడా. 1928లో ఆ రోజున రామన్ ప్రభావం కనుగొన్నందుకు గుర్తుగా 1987 నుంచి దీన్ని జరుపుతున్నారు. 1953లో అదే తేదీన కేంబ్రిడ్జ్‌లో జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ డీఎన్‌ఏ జంట సర్పిల నిర్మాణాన్ని తేల్చారు. సరిగ్గా ఆ రోజే, అదే ఏడాది, తర్వాత ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన పాల్ క్రుగ్‌మన్ పుట్టారు. విజ్ఞాన దినోత్సవాన్ని రామన్ జయంతి అనుకునేవారు చాలామంది ఉన్నారు. పుట్టిన తేదీ నవంబర్ 7, పరిశోధన ఫలించిన తేదీ ఫిబ్రవరి 28.

బాణం గుచ్చుకున్నాక గీసిన వలయం

ఇలాంటి జాబితాలు ఇంత ఆకట్టుకోవడానికి మరో కారణం వాటి నిబంధనలు ముందే రాసి ఉండకపోవడం. బాణం ఎక్కడో గుచ్చుకున్నాక దాని చుట్టూ వలయం గీసి గురి అదిరింది అన్నట్టుగా, పేర్లు కలిశాకే వాటి మధ్య పోలిక వెతుకుతారు.

జూన్ 13 చూడండి. కాంతి తరంగమని ప్రయోగంతో చూపిన థామస్ యంగ్ 1773లో, కాంతి విద్యుదయస్కాంత తరంగమని సమీకరణాలతో చెప్పిన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1831లో ఆ తేదీన పుట్టారు. అద్భుతమైన జంట. కానీ అదే రోజున, 1876లో, స్టూడెంట్ అనే మారుపేరుతో గణాంకశాస్త్ర వ్యాసాలు రాసిన విలియం గాసెట్ పుట్టారు. 1928లో గేమ్ థియరీకి కొత్త మలుపు ఇచ్చిన జాన్ నాష్ పుట్టారు. కాంతి కథ చెప్పాలనుకున్నవారు యంగ్, మాక్స్‌వెల్‌ల దగ్గర ఆగిపోతారు. గణితం కథ కావాలంటే గాసెట్, నాష్‌లను పట్టుకుంటారు. తేదీ ఒకటే, కథలు రెండు.

పుట్టిన తేదీకి మరణం, ఆవిష్కరణ, పుస్తక ప్రచురణ కూడా కలిపితే అవకాశాలు ఇంకా పెరుగుతాయి. స్టీఫెన్ హాకింగ్ 1942 జనవరి 8న, గెలీలియో చనిపోయిన సరిగ్గా 300 ఏళ్లకు పుట్టారు. 2018 మార్చి 14న, ఐన్‌స్టీన్ జయంతి రోజున మరణించారు. ఈ రెండూ కలిపి చెబితే ఒళ్లు జలదరిస్తుంది. తన పుట్టినరోజు విషయంలో హాకింగే ఆ మాయను తీసేశారు: ఆ రోజు మరో రెండు లక్షల మంది పిల్లలు కూడా పుట్టి ఉంటారని తన అంచనాగా రాసుకున్నారు. మార్చి 14 విషయానికొస్తే, కుజగ్రహ పటాలు గీసిన షియాపరెల్లి (1835), వ్యాధి నిరోధకతపై పనిచేసిన పాల్ ఎర్లిక్ (1854), గణితజ్ఞుడు సియర్‌పిన్‌స్కీ (1882) కూడా అదే తేదీన పుట్టారు. పై (π) విలువ 3.14ను గుర్తుచేసే ‘పై డే’ కావడం వల్ల ఆ తేదీకి ఎలాగూ ప్రచారం ఎక్కువ.

తేదీ కలవడం వేరు, రోజు కలవడం వేరు

జాబితాల్లో అసలైన చిక్కు సంభావ్యతది కాదు, క్యాలెండర్‌ది. జూలియన్ క్యాలెండర్ సూర్యుడి గమనంతో పోలిస్తే కొద్దికొద్దిగా వెనకబడుతూ వచ్చింది. దాన్ని సరిచేయడానికి 1582లో గ్రెగోరియన్ క్యాలెండర్ తెచ్చారు. ఆ ఏడాది అక్టోబర్ 4 తర్వాతి రోజును అక్టోబర్ 15గా లెక్కించారు. కాథలిక్ దేశాలు త్వరగా మారాయి. బ్రిటన్ 1752 వరకు, రష్యా 1918 వరకు పాత లెక్కనే పట్టుకున్నాయి. దాంతో ఒకే రోజుకు రెండు దేశాల్లో రెండు తేదీలు ఉండేవి. తేడా 17వ శతాబ్దంలో 10 రోజులు, 18లో 11, 19లో 12, ఆ తర్వాత 13.

న్యూటన్ దీనికి చక్కటి ఉదాహరణ. ఆయన క్రిస్మస్ నాడు, 1642 డిసెంబర్ 25న పుట్టారని ఇంగ్లండ్ రికార్డు చెబుతుంది. అది జూలియన్ తేదీ. గ్రెగోరియన్ లెక్కలో 1643 జనవరి 4. అలా మార్చితే ఆయన డిసెంబర్ జాబితాలోంచి జారిపోయి, 1940 జనవరి 4న పుట్టిన నోబెల్ గ్రహీత బ్రయన్ జోసెఫ్‌సన్ పక్కన చేరతారు.

గెలీలియో చనిపోయిన ఏడాదే న్యూటన్ పుట్టారన్న ప్రసిద్ధ వాక్యం కూడా ఇక్కడే తేలిపోతుంది. గెలీలియో మరణం గ్రెగోరియన్‌లో 1642 జనవరి 8, జూలియన్‌లో 1641 డిసెంబర్ 29. ఇద్దరికీ గ్రెగోరియన్ వాడితే 1642, 1643. ఇద్దరికీ జూలియన్ వాడితే 1641, 1642. ఏ క్యాలెండర్ తీసుకున్నా ఏడాది కలవదు. గెలీలియోకు ఇటలీ లెక్క, న్యూటన్‌కు ఇంగ్లండ్ లెక్క వాడితేనే ఇద్దరూ 1642లో కలుస్తారు.

మార్పు వల్ల విడిపోయేవారే కాదు, కలిసేవారూ ఉన్నారు. రష్యాలో మెండలీవ్ పుట్టిన నాటి తేదీ 1834 జనవరి 27. ద్రవాల ప్రవాహ సూత్రంతో పేరుపొందిన డేనియల్ బెర్నౌలీ జూలియన్ తేదీ 1700 జనవరి 29. పాత లెక్కలో ఈ ఇద్దరికీ రెండు రోజుల తేడా. కొత్త లెక్కలోకి మార్చితే మెండలీవ్‌కు 12 రోజులు, బెర్నౌలీకి 10 రోజులు కలిసి ఇద్దరిదీ ఫిబ్రవరి 8 అవుతుంది. ఇద్దరి పుట్టుకకూ సంబంధం లేని ఒక సంస్కరణ వాళ్లను జంట చేసింది.

1582 కంటే ముందు పుట్టినవారికి మాత్రం జూలియన్ తేదీనే ఉంచడం చరిత్రకారుల ఆనవాయితీ. అందుకే 1571 డిసెంబర్ 27న పుట్టిన కెప్లర్, 1822 డిసెంబర్ 27న పుట్టిన లూయీ పాశ్చర్ ఒకే తేదీ వారిగా జాబితాకెక్కుతారు. కెప్లర్‌ది పాత క్యాలెండర్, పాశ్చర్‌ది కొత్తది. పేజీ మీద అంకెలు కలిశాయి, సూర్యుడి చుట్టూ భూమి ఉన్న చోటు కలవలేదు.

లెక్కగట్టి తేల్చిన పుట్టినరోజు

ఏప్రిల్ 30 జాబితాలో గణితజ్ఞుడు గాస్ (1777), సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ (1916) పక్కపక్కన ఉంటారు. షానన్ తేదీలో గొడవ లేదు. గాస్ తేదీ మాత్రం ఆయన తల్లి జ్ఞాపకం నుంచి వచ్చింది. ఆమె తేదీ రాసిపెట్టుకోలేదు. ఆ రోజు బుధవారమని, క్రీస్తు ఆరోహణ పండుగకు ఎనిమిది రోజుల ముందని మాత్రం గుర్తుంది. ఆ పండుగ ఈస్టర్ తర్వాత 39వ రోజున వస్తుంది. ఈస్టరేమో ఏటా మారుతుంది. ఏ సంవత్సరానికైనా ఈస్టర్ తేదీ చెప్పే సూత్రాన్ని గాసే కట్టారు. 1777లో ఈస్టర్ మార్చి 30న వచ్చింది. 39 రోజులు కలిపితే మే 8, ఎనిమిది రోజులు తీసేస్తే ఏప్రిల్ 30. అది బుధవారమే.

అందరికీ అలాంటి తల్లీ, అలాంటి సూత్రమూ దొరకవు. మైట్నర్ పత్రాలన్నీ నవంబర్ 7 అంటాయి, వియన్నా యూదు సమాజపు జనన రిజిస్టర్‌లో మాత్రం నవంబర్ 17 అని ఉంది. రిజిస్టర్‌ను నమ్మితే మొదట్లో చెప్పిన మూడు ఫొటోల్లో ఒకటి తీసేయాలి. జన్యు సంకేతాలపై పనికి 1968లో నోబెల్ పొందిన హరగోబింద్ ఖొరానాకు పత్రాల్లో ఉన్న తేదీ 1922 జనవరి 9. అసలు తేదీ తెలియదని నోబెల్ సంస్థ ప్రచురించిన ఆయన జీవిత వివరాల్లోనే ఉంది.

వెనక్కి వెళ్లేకొద్దీ రోజు మాయమై సంవత్సరం మాత్రమే మిగులుతుంది. అదీ పండితులు తమ గ్రంథాల్లో చెప్పుకుంటేనే. కలియుగంలో 3,600 ఏళ్లు గడిచేసరికి తనకు 23 ఏళ్లని ఆర్యభటుడు రాసుకున్నాడు. అది సామాన్యశకం 499 కాబట్టి పుట్టుక 476. బ్రహ్మగుప్తుడు తన సిద్ధాంత గ్రంథాన్ని 628లో, 30 ఏళ్ల వయసులో రాశానన్నాడు కాబట్టి 598. నెల, తేదీ తెలియవు. (ఆర్యభటుడి దగ్గరా 23 అంకె రావడం చూస్తే కాకతాళీయాలు వెతికితే ఎంత సులువుగా దొరుకుతాయో అర్థమవుతుంది.) ఫలితంగా పుట్టినరోజుల జాబితాల్లో ఎప్పుడూ గత మూడు నాలుగు శతాబ్దాల యూరప్, అమెరికా పేర్లే కిక్కిరిసి ఉంటాయి. రిజిస్టర్లు భద్రంగా మిగిలిన చోట్ల పుట్టినవారే ఈ ఆటలో ఉంటారు.

తేదీకీ ప్రతిభకూ లంకె ఉందా?

ఒకే సమయానికి పుట్టినవారు ఒకేలా ఉంటారా అన్నదాన్ని పరీక్షించే అవకాశం బ్రిటన్‌లో దొరికింది. 1958 మార్చిలో ఒక వారంలో అక్కడ పుట్టిన పిల్లల్ని దశాబ్దాలపాటు గమనిస్తూ వచ్చారు. వారిలో లండన్‌లో నిమిషాల తేడాతో పుట్టిన 2,000 మందికి పైగా వ్యక్తుల వివరాలను జెఫ్రీ డీన్, ఇవాన్ కెల్లీ 2003లో విశ్లేషించారు. తెలివితేటలు, స్వభావం, ఆరోగ్యం వంటి వందకు పైగా అంశాల్లో వరుసగా పుట్టినవారి మధ్య యాదృచ్ఛికాన్ని మించిన పోలిక కనిపించలేదు. సంవత్సరం, గంట కూడా కలిసినచోటే పోలిక లేనప్పుడు, 21 ఏళ్ల తేడాతో రెండు ఖండాల్లో పుట్టిన క్యూరీ, రామన్‌ల మధ్య తేదీ వల్ల పోలిక వచ్చే దారి లేదు.

అలాగని పుట్టిన కాలానికి ఏ ప్రభావమూ లేదనలేం. బడిలోనో క్రీడాజట్టులోనో చేర్చుకోవడానికి ఒక గడువు తేదీ ఉంటుంది. దాని తర్వాత వెంటనే పుట్టిన పిల్లలు ఆ తరగతిలో అందరికంటే దాదాపు ఏడాది పెద్దవాళ్లవుతారు. కెనడా ఐస్ హాకీలో ఏడాది మొదటి నెలల్లో పుట్టిన ఆటగాళ్లు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. అది గడువు నిబంధన ప్రభావం. గడువు మారితే లాభపడే నెలలూ మారతాయి.

తేదీతో పాటు ఏడాది కూడా కలిసిన జంటలు చాలా తక్కువ. 1809 ఫిబ్రవరి 12న పుట్టిన చార్లెస్ డార్విన్, అబ్రహాం లింకన్ అందుకే అంతగా ప్రస్తావనకు వస్తారు. అక్కడ కనీసం ఒక ఆసరా ఉంది: ఇద్దరూ ఒకే కాలపు మనుషులు, బానిసత్వం ఇద్దరి కాలానికీ పెద్ద ప్రశ్న. ఆ పోలికకు ఆధారం 1809 అన్న సంవత్సరం, ఫిబ్రవరి 12 కాదు.

ఈ కలయికల ప్రభావం ఎక్కడ?

తేదీకి మహిమ లేకపోయినా జ్ఞాపకాల మీద దాని ప్రభావం ఉంటుంది. పాఠశాలలు, పత్రికలు, సంస్థలు శాస్త్రవేత్తలను తలుచుకునేది జయంతుల రోజునే. భారతదేశంలో గణిత దినోత్సవం రామానుజన్ పుట్టిన డిసెంబర్ 22న వస్తుంది. ఒకే తేదీన ఇద్దరుంటే పెద్ద పేరు చిన్న పేరును కమ్మేస్తుంది. కేంద్రక విచ్ఛిత్తిని వివరించినా 1944 రసాయనశాస్త్ర నోబెల్ ఒక్క ఒటో హాన్‌కే దక్కడంతో మైట్నర్ ఎలాగూ వెనకబడ్డారు. పుట్టినరోజు నాడూ ఆమె క్యూరీ నీడలోనే ఉంటారు. ఇందుకు వ్యతిరేకంగా, క్యూరీ కోసం వెతికినవారికి మైట్నర్ పేరు తారసపడే మేలూ ఉంది. రెండింటిలో ఏది ఎక్కువో చెప్పడం కష్టం.

పుట్టినరోజుల లెక్క నిజంగా పని చేసేది కంప్యూటర్ భద్రతలో. ఒక ఫైలుకు వేలిముద్రలా పనిచేసే చిన్న సంకేతాన్ని హ్యాష్ అంటారు. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే హ్యాష్ వస్తే నకిలీ పత్రాన్ని అసలుదిగా చలామణి చేయవచ్చు. 128 బిట్ల హ్యాష్‌కు 2 ఘాతం 128 విలువలుంటాయి. ఫలానా ఫైలుతోనే కలవాలంటే దాదాపు అన్నే ప్రయత్నాలు కావాలి. ఏవో రెండు కలిస్తే చాలనుకుంటే 2 ఘాతం 64 దగ్గరే జంట దొరుకుతుంది. 365కు 23 సరిపోయినట్టే ఇదీ. దీనికి పుట్టినరోజు దాడి అనే పేరే ఉంది. 160 బిట్ల షా-1 అనే హ్యాష్ పద్ధతిలో ఈ లెక్క ప్రకారం 2 ఘాతం 80 ప్రయత్నాలు కావాలి. దాని నిర్మాణంలోని లోపాలను వాడుకుని 2017లో పరిశోధకులు అంతకంటే చాలా తక్కువ ప్రయత్నాలతో ఒకే హ్యాష్ ఉన్న రెండు ఫైళ్లను తయారుచేసి చూపించారు. ఇప్పుడు విరివిగా వాడే షా-256లో బిట్ల సంఖ్యను అంత పెద్దగా ఉంచడానికి ఒక కారణం ఇదే: సగానికి తగ్గించి చూసినా ఇంకా 2 ఘాతం 128 మిగలాలి.